పసుపంటిన కోర్టు కాయితం

కూసో బిడ్డా. గట్ల మంచం అంచు మీద కాదు, ఎప్పుడు లేశి ఉరుకుదామా అన్నట్టు. కింద కూసోని గోడకు ఒరుగు. ఫోన్ బోర్ల పెట్టు. నేను ఎట్ల చెప్తె గట్లనే రాయాలె, మధ్యల నీ బడి తెలుగు కలుపద్దు. నాకు సంతకం ఒక్కటే వస్తది, రాసుడు రాదు, గందుకే నిన్ను బతిమాలుకునుడు. నవ్వచ్చినకాడ నవ్వు, గని పెన్ను ఆపకు. అయినంక ఫోటోలు తీసి జగిత్యాలల ఒకామెకు పంపాలె. ఇయ్యాల్నే పంపాలె. రేపైతే ఆలస్యమైతది.

పొద్దుగాల మన పాత ఇంట్ల కిరాయికుండే ఆమె అచ్చింది గదా, గామె తెచ్చింది గీ కార్డు. దినాల కార్డు. "పెద్దమ్మా, ఇంటి నంబరు మనదే ఉన్నది, పేరు మాత్రం మాది కాదు, మీది కాదు" అన్నది. కార్డు ఎవరికచ్చిందో గా పేరు చెప్పింది, మనకు ఇల్లమ్మిపోయిన పాత ఆసామిది. కార్డు చేతిలకు తీసుకోకముందుకే నా నోట్లెకెళ్ళి ఏం మాటెళ్ళింది, విన్నవు గదా? "గాయన ఇక్కడ ఉండడు, ఎక్కడున్నడో తెల్వదు" అన్న. ఎవరు చచ్చిపోయిండ్రు, ఏం కథ, ఏం అడగలే. అలవాటు! గా పేరు మీద గా ఇంటికి ఏ కాయితమచ్చినా గదే మాట అనుకుంట ఏండ్లు ఎళ్ళదీసిన.

తర్వాత ఫోటో చూసిన. అద్దాలకు దారం కట్టి మెడల ఏసుకున్న మనిషి. మీసం ఒక పక్క నల్లగ, ఒక పక్క తెల్లగ, రంగు ఏసుకుంటాంటె మధ్యల బస్సు అచ్చినట్టు. "ఓరినీ, మా అమీన్ సాబు!" అన్న. అమీన్ సాబంటె కోర్టు కాయితాలు ఇంటింటికి తెచ్చిచ్చే మనిషి. నువ్వు కార్డు మీద పేరు చదివి చెప్పినవ్ గని గది ఇండ్ల రాయకు. ఇన్నేండ్లల్ల నేను అడగలే, ఆయన చెప్పలే. ఇప్పుడు పేరు పెట్టి చెప్తె ఎవరో కొత్తాయన లెక్క కొడ్తది.

మల్ల నువ్వే గద కార్డు మీది నంబరు కొట్టిచ్చినవ్. ఎత్తింది అమీన్ సాబు బిడ్డ, జగిత్యాలల ఉంటది. ఏమన్నది? "బాపు సంచిల ఒక పుస్తకం దొరికింది పెద్దమ్మా, దాన్నిండ అడ్రస్‌లే. జగిత్యాలయి, కోరుట్లయి, సిరిసిల్లయి. ఇంట్ల నాలుగు మాటలు మాట్లాడని బాపుకు ఇంతమంది దోస్తులా అని మేమే పరేషానైనం. అందరికీ కార్డులేసినం. ఎల్లుండికి అంతమందికీ వంట చెప్పినం" అన్నది.

"ఎంతమంది ఫోన్ చేసిండ్రు బిడ్డా?" అన్న.

"మీరే మొదలు" అన్నది.

గా పుస్తకంల ఉన్నోళ్ళు దోస్తులు కాదు. గది నాకు ఎరుక. గని చావింట్ల ఉన్న పిల్లకు ఫోన్ల ఎట్ల చెప్త? "అవ్ బిడ్డా, మస్తు మంది దోస్తులు" అని పెట్టేసిన. పెట్టేసిన సంది ఒక్కటే ఆలోచన. అంత వంట ఎవరు తినాలె? ఖాళీ కుర్చీల ముంగట గా పిల్ల ఎట్ల నిలవడాలె? గందుకే రాపిస్తున్న. వంట తగ్గిచ్చుకోమనాలె. ఊకె తగ్గిచ్చుకో అంటె మనసుకు తగులుతది. వాళ్ళ బాపు ఎసొంటోడో చెప్పి, గప్పుడు తగ్గిచ్చుకోమనాలె.

ఇగ రాయి.

ఆయన అచ్చుడు ఎట్లుంటదో ముందుగాల రాయి. చంకల గొడుగు, భుజానికి ఖాకి సంచి. ఎండైనా వానైనా గొడుగు ఇప్పంగ నేను చూడలే. "అది ఇప్పితె కాయితాలు పట్టుకునే చెయ్యి తక్కువవడ్తది" అనేటోడు. కడప ముంగట నిలవడి, ఒక్కసారి దగ్గి, మన ఇల్లు అమ్మిపోయిన పాత ఆసామి పేరు మూడుసార్లు పిలిచేటోడు. గట్టిగ, వాడకంత ఇనవడేటట్టు. గాయన లేడని ఆయనకు ఎరుక. నాకు ఎరుక. వాడకట్టుల కుక్కలకు గూడ ఎరుక. అయినా మూడుసార్లు. తర్వాత నా దిక్కు తిరిగి, మొదటిసారి చూసినట్టు, "అమ్మా, గీ పేరు గలాయన ఉన్నడా?" అనేటోడు.

"లేడు సాబ్."

"ఎక్కడికి పోయిండు?"

"నాకేమెరుక?"

"ఎప్పుడస్తడు?"

"ఇల్లమ్మిపోయినోడు మల్లెందుకస్తడు?"

అన్ని రాసుకునేటోడు. రాసుకొని, గొంతు తగ్గిచ్చి, ఇంటి మనిషి లెక్క, "అమ్మా, అన్నం వార్చినవా? జరంత గంజి ఉన్నదా?" అనేటోడు.

తాగనీకి కాదు! నా తలుపుకు కాయితం అంటిచ్చెతందుకు. సర్కారు కాయితమిస్తదట, గంజియ్యదట. మనిషి దొరకకపోతె తలుపుకు అంటిచ్చుడు రూలు. మొదటిసారి నాకు తెల్వక చెంబెడు గంజి ఇచ్చిన. ఆకలైందేమో పాపమని ఉప్పు గూడ ఏసిచ్చిన. ఆయన వేలు ముంచి, "ఉప్పెందుకమ్మా, చీమలు వడ్తయి" అన్నడు. నా తలుపుకు, నా గంజితోని, ఎవరి కాయితమో అంటిచ్చి, వంకరున్నదా అని రెండడుగులు ఎన్కకు వోయి చూసి, మల్లచ్చి సవరిచ్చిండు. పెండ్లిపందిట్ల ఫోటో తగిలిచ్చినట్టు!

అంటిచ్చినంక ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలెనట. ఆయన గొడుగు మూలమీద కనవడంగనే వాడల మొగోళ్ళంత మాయం. ఎదురుంగ దర్జీ చాచా ఒక్కడే దొరికేది, మిషన్ ఎత్తుకొని ఉరకలేడు గద. "అరె అమీన్ సాబ్, మల్లొచ్చిండ్రా! ఈసారి ఎవరి షాదీ?" అని ఎక్కిరిచ్చుకుంటనే ఉర్దూల సంతకం గీకేటోడు. రెండో సంతకం కోసం ఎవరన్న గుడ్డ కుట్టిచ్చుకోను వచ్చేదాక ఆయన చాచా దుకాణం మెట్ల మీద కూసునేది. జాకెటు తెచ్చిన ఆడోళ్ళతోని గూడ పెట్టిచ్చిండు.

అంత అయినంక నా దగ్గరకచ్చి, "అమ్మా, ముట్టిందని ఒక్క సంతకం" అనేటోడు.

"నాది కాని కాయితానికి నేనెందుకు పెడ్త?" అనేదాన్ని.

"పెట్టద్దు. కని అడుగుడు నా పని" అని పోయేటోడు.

నీళ్ళు ఇచ్చినా తాగకపోయేటోడు. కాయితం తెచ్చిన ఇంట్ల నీళ్ళు ముట్టడట. "నీళ్ళు తాగితె గా ఇంట్ల మనిషినైత. ఇంట్ల మనిషి తలుపుకు కాయితం ఎట్ల అంటిస్తడమ్మా?" అన్నడు ఒకపారి. మండుటెండల, పెదవులు ఎండి పగిలి.

ఇగ గా కాయితం సంగతి ఏందంటె. నువ్వు పుట్టకముందు ముచ్చట ఇది. మీ తాత, నేను పైసా పైసా కూడవెట్టి గా ఇల్లు కొన్నం. పాత ఆసామి ఇంటితోని పాటు కొట్టంల ఉన్న నాలుగు సాంచెలు గూడ మాకే అమ్మిండు. రాయి, సాంచెలంటె కరెంటుతోని నడిచే మగ్గాలు. జగిత్యాల పిల్లకు తెల్వకపోవచ్చు. ఇంటికి కాయితముండె గని సాంచెలకు కాయితం లేదు, నోటిమాటనే. సిరిసిల్లల గప్పుడు గట్లనే నడిచేది. గాయన ఇల్లమ్మి, పెండ్లాంతోని అత్తగారూరు కోరుట్లకు పోయిండు. పోయేముందు ఎక్కడ్నో అప్పు తెచ్చిండట, గది మాకు చెప్పలే. అప్పిచ్చినోళ్ళు కోర్టుకు పోయిండ్రు. కోర్టు కాయితం మీద గా ఇంటి నంబరే ఉండె.

"సాబ్, గాయన కోరుట్లల ఉన్నడు, ఊరందరికీ ఎరుక. అక్కడికి తీస్కపో" అన్న ఒకపారి, మనసు ఇసిగి.

"నాకూ ఎరుకనే అమ్మా. పోయిన్నెల కోరుట్ల బస్టాండ్ల ఇద్దరం పక్కపక్కన చాయ తాగినం" అన్నడు.

"మల్ల చేతికియ్యకపోతివి!"

"ఎట్లిస్తనమ్మా? కాయితం మీద కోరుట్ల అని లేదు, సిరిసిల్ల అనున్నది. ఆయనే 'ఏం సాబ్, అంత మంచిదేనా' అన్నడు. 'మంచిదే, మీ పాతింటికే పోతున్న' అన్న. చాయ పైసలు ఆయనే ఇచ్చిండు."

నవ్వకు. రాయి.

నేను గా కాయితాలు ఏం చేసేదాన్నంటె, ఆయన పోంగనే చింపేదాన్ని. ఒకటి పొయ్యిల ఏసిన, ఒకటి తాత డబ్బల రొట్టె చుట్టిచ్చిన. ఒకనాడు ఆయన ఇంక వాకిట్ల ఉండంగనే గుంజబోయిన. గొడుగు అడ్డం పెట్టిండు. "అమ్మా, అంటిచ్చుడు నా పని, చింపుడు నీ పని. కని నేను మలుపు తిరిగినంక చింపాలె. నేను చూస్తె గది గూడ రాయాలె" అన్నడు. మలుపు దాక పోయి, ఎన్కకు చూడకుంట ఒక్క నిమిషం ఆగిండు, నేను చింపినంక నడిచిండు. గంత మర్యాద.

ఇంకో ముచ్చట. ఆయనకు మూడూర్ల గల్లీ గల్లీ ఎరుక గదా, పెండ్లి కార్డులు పంచెటోళ్ళు ఆయననే పట్టుకునేటోళ్ళు. "సాబ్, ఎట్లనన్న సిరిసిల్ల పోతున్నవు, మా బిడ్డ పెండ్లి కార్డులు నాలుగు ఇచ్చి రారాదు" అని. పైసలు తీసుకోకపోయేది. సంచిల ఒక దిక్కు కోర్టు కాయితాలు, ఒక దిక్కు పెండ్లి కార్డులు, మధ్యల చిన్న పసుపు డబ్బ, కుంకుమ భరిణె. ఇంటికి తాళం ఉంటె తలుపుకు బొట్టు పెట్టి గొళ్ళెంల కార్డు చెక్కి అచ్చేటోడు, మనం పెట్టినట్టే. ఒకపారి నాతోని అన్నడు, "అమ్మా, రెండూ ఒక్కటే పని. మనిషి లేకపోతె తలుపుకు చెప్పుడు. కని ఒకదానికి నవ్వుతరు, ఒకదానికి ఉరుకుతరు."

మూడు కాయితాలైనయి. నాలుగోది తెచ్చిన్నాడు ఆయన మొఖం మంచిగ లేదు. అంటిచ్చుడు అయింది, చాచా సంతకమయింది. చెంబు ఎన్కకిచ్చుకుంట, "వచ్చేపారి గంజి అడగనమ్మా" అన్నడు.

"ఎందుకు సాబ్?"

"వచ్చేపారి అంటిచ్చేది ఉండదు. నాతోని ఇంకో నలుగురస్తరు, ట్రాలీ అస్తది" అని కొట్టం దిక్కు చూసిండు. లోపల నాలుగు సాంచెలు టకటకటక నడుస్తున్నయి, మీ తాత నూలు కండె మారుస్తున్నడు. "గాయన పేరు మీద గీ ఇంట్ల ఏమున్నయో రాసుకొని జప్తు చేసుకపోతరు. గాయన కోర్టుకచ్చి 'గవి నావి కావు, అమ్మిన' అంటె ఆగుతది. లేకుంటె నేను ఏం చెయ్యలేనమ్మా. నేను తెచ్చిచ్చెటోన్నే" అన్నడు.

గా సాంచెలు పోతె మాకేముండె? మీ నాయన ఇంక చదువుతున్నడు. తాత చేతులకు గదొక్క పనే ఎరుక. ఏడుస్తున్న, కోపమస్తున్నది, మలుపు దిక్కు చూసిన, ఆయన పోయిండు. చింపుదామని తలుపు కాడికి పోయిన. చెయ్యి పెట్టి ఆగిపోయిన.

కాయితం నాలుగు మూలలకు పసుపు.

ఏమైందో నాకు తర్వాత తెలిసింది. గా పొద్దు ఆయన వేములవాడల నలభై యాభై పెండ్లి కార్డులకు పసుపు పెట్టి, పంచి, గదే చేతులతోని మా తలుపు కాడికి అచ్చిండు. గంజి తడికి వేళ్ళ పసుపంత మూలలకు దిగింది. ఆయన చూసుకోలే. అద్దాలు దారానికి ఏలాడుతున్నయి గని కండ్లకు లెవ్వు.

గని నాకు గప్పుడు గదంత తెల్వదు. పసుపంటిన కాయితం ఎట్ల చింపుదు? నువ్వైతె చింపుతవా? పెండ్లిపిలుపు కార్డు పాతదైనా మనం పొయ్యిల ఎయ్యం. లోపలికి పోయి తాతను పిలిచిన. "చింపుండ్రి" అన్న. తాత చూసిండు, చేతులు ఎన్కకు కట్టుకున్నడు. "నేనెందుకు చింపుత? నువ్వే చింపు" అన్నడు. తలుపు కాడ ఇద్దరం నువ్వంటె నువ్వని కొట్లాడినం. చాచా మిషన్ ఆపి, "భాభీ, హల్దీ ఉన్నది, పైలం!" అన్నడు. ఆయనకు గూడ ఎరుక!

మూడు రోజులు గట్లనే ఉంచిన. తలుపు ఏసినప్పుడల్ల గది కనవడుడు, నాకు అన్నం సయించకపోవుడు. వేరేటోళ్ళ పేరు మీద అచ్చిన పసుపు కాయితం మనింట్ల ఉంచుకోవద్దు, గది ఎవరిదో వాళ్ళకు ముట్టాలె. నాలుగో దినం తడిబట్టతోని తడిపి తడిపి చినగకుంట ఊడదీసిన. ఎండవెట్టిన. పసుపు మూలలు పైకి కనవడేటట్టు మలిచిన. కొత్త రుమాలుల పెట్టుకొని కోరుట్ల బస్సెక్కిన.

ఒట్టు బిడ్డా, నాకు ఏ తెలివీ లేదు. కోర్టుకు రమ్మని బతిమాలాలె అన్న ఆలోచన గూడ లేదు. గా కాయితం నా ఇంట్లకెళ్ళి పోతె చాలనుకున్న.

అడుక్కుంట అడుక్కుంట వాళ్ళిల్లు వట్టిన. గాయన పెండ్లాం వాకిట్ల చాటల ఆకు పెట్టుకొని బీడీలు చేస్తున్నది. నన్ను చూసి తల ఎత్తకుంటనే, "మా ఆయన లేడక్కా, ఎక్కడున్నడో తెల్వదు" అన్నది. అచ్చం నా మాటనే! నాకు కోపం గూడ రాలే, ఎవరో నా గొంతుతోని మాట్లాడినట్టు అనిపిచ్చింది.

నేను రుమాలు ఇప్పిన. పసుపు మూలలు చూసింది. అంతే. చాట పక్కకు జరిపింది, చేతులు కడుక్కున్నది, కుంకుమ భరిణె తెచ్చి నా ముంగట పెట్టింది, కొంగు పట్టింది. నేను అలవాటుల ముందుగాల బొట్టు పెట్టి కొంగుల కాయితం పెట్టిన. "కూసో అక్కా, ఉత్తగ పోవద్దు" అని చాపేసింది. లోపలికి పోయి కాయితం దేవుని పటం ముంగట పెట్టింది.

గప్పుడు ఎనుక అర్రలకెళ్ళి, లేడన్న మనిషి, తువ్వాల దులుపుకుంట ఎళ్ళచ్చిండు. "ఎవరిది వదినా పెండ్లి? మీ పెద్దోనికా? మస్తు జల్ది చేస్తున్నరు!"

"చదువుకో" అన్న.

పటం ముంగటికెళ్ళి తీసి ఇప్పిండు. చదివిండు. మల్ల చదివిండు. "ఓసినీ! ఇది కోర్టుది గదనే!" అని కాయితం కింద పారెయ్యబోయిండు. పెండ్లాం చెయ్యి పట్టుకున్నది.

"పసుపుతోని ఇంట్లకచ్చింది. దేవుని ముంగట పెట్టిన. ఇగ నువ్వు పోవుడే."

"ఎక్కడికే? కోర్టుకు! పెండ్లికి కాదు!"

"ఏదైతేంది. పిలిచిండ్రు. బొట్టు పెట్టి పిలిచినంక పోకుంట నేను ఏ మొఖం పెట్టుకొని తిరుగాలె? మా అన్న ఇంట్ల పెండ్లికి సుత నువ్వు గిట్లనే పోనియ్యకపోతివి, గిదొక్కటన్న పోదాం."

గాయన నా దిక్కు చూసిండు. నేను నేల దిక్కు చూసిన. "సాంచెలు తీస్కపోతరట అన్నా" అన్న, గంతే. గాయన తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకొని కూసున్నడు. "మీ మీదికి వచ్చిందా ఇది? నాకు తెల్వదు వదినా. ఇల్లు దొరకక ఊకె తిరిగిపోతున్నరనుకున్న" అన్నడు.

కోర్టు దినం. తాత, నేను పొద్దుగాల్నే పోయి చెట్టు కింద నిలవడ్డం. అస్తరో రారో అని ఆటో ఆగినప్పుడల్ల గేటు దిక్కు చూస్తున్న. పది దాటినంక అచ్చిండ్రు మొగడు పెండ్లాం. ఆమె పట్టంచు చీర కట్టింది, తలల పూలు పెట్టింది. గాయన ఇస్త్రీ అంగీ. ఆమె చేతిల ప్లాస్టిక్ కవరు, అందుల స్టీలు గిన్నె. పిలుపుకు అస్తె ఉత్త చేతులతోని ఎట్లస్తమన్నది!

అమీన్ సాబు వసారల నిలవడున్నడు. వాళ్ళు మెట్లెక్కుడు చూసిండు. చంకలకెళ్ళి గొడుగు కింద వడ్డది. ఎత్తలే. ఆమె చక్కగ ఆయన దగ్గరకే పోయి గిన్నె ఇయ్యబోయింది. "మీరేనటగద తమ్మీ పిలిచింది, తీస్కో." ఆయన రెండడుగులు ఎన్కకు వోయి, "అమ్మా, ఇక్కడ ఏం తీసుకోవద్దు! కొలువు పోతది!" అని చేతులు ఊపుతున్నడు. ఆమె తిరిగి చూసి గా గిన్నె తెచ్చి నా చేతుల పెట్టింది. మొన్న నువ్వు సేమియా తిన్నవే, గదే గిన్నె.

లోపల జడ్జి సారు గాయన చేతుల కాయితం చూసి, ఇటు తిప్పి అటు తిప్పి, "ఇదేంటి, పసుపు?" అన్నడట. అమీన్ సాబుకు గప్పుడు తెలిసింది. తన వేళ్ళు చూసుకున్నడు, ఎన్కకు దాచుకున్నడు. "సార్, మాది జగిత్యాల. మా దిక్కు పసుపు ఎక్కువ పండుతది" అన్నడట. అందరు నవ్విండ్రట. జడ్జి సారు నవ్వలే గని తల కిందికి వంచిండట.

పాత ఆసామి "సాంచెలు నావి కావు, ఇంటితోని అమ్మిన, పైసలు ముట్టినయి" అని చెప్పిండు. అప్పు కిస్తుల మీద కడ్తనన్నడు, కట్టిండు గూడ. మా నాలుగు సాంచెలు మాకు దక్కినయి. మీ నాయన చదువు, మన గీ ఇల్లు, గిదంత గా టకటకల్నే అచ్చింది. నువ్వు గూడ.

తర్వాత అమీన్ సాబు ఒక్కసారి అచ్చిండు. సరిగ్గ అన్నం వార్చే యాళ్ళకు. కడప ముంగట నిలవడి, దగ్గి, అలవాటుల పాత ఆసామి పేరు ఒకసారి పిలిచి నాలుక కరుసుకున్నడు. చేతుల కాయితం లేదు. "గంజి కావాల్నా సాబ్?" అన్న. "నీళ్ళియ్యి అమ్మా" అన్నడు.

చెంబు నిండ ఇచ్చిన. ఎత్తిన చెంబు దించకుంట తాగిండు. కడపకు ఇవతల, ఇంట్లకచ్చి, బల్ల మీద కూసొని. తాగి మూతి తుడుచుకొని, కొట్టంల నడుస్తున్న సాంచెల దిక్కు చూసిండు. తర్వాత అన్నడు. "నా కొలువుల ఎన్ని కాయితాలు ఇచ్చిన్నో నాకే తెల్వదమ్మా. నేను ఇచ్చిన కాయితం చూసి, తల దువ్వుకొని, మంచి బట్టలు కట్టుకొని అచ్చిన మనిషి గాయనొక్కడే."

లేశి పోయేటప్పుడు సంచిలకెళ్ళి ఒక చిన్న కాయితం ముక్క తీసిండు. "నాలుగో కాయితం ముట్టిందని ఒక్క సంతకం పెడ్తవా అమ్మా? నువ్వే కద తీస్కపోయి ఇచ్చినవు. కోర్టుకు కాదు, నాకే. నా పుస్తకంల పెట్టుకుంట" అన్నడు.

నేను పెట్టలే. గదే బిడ్డా, గదే నాకు ఇయ్యాల కొడుతున్నది. సాంచెలు దక్కినయి, నీళ్ళు తాగిండు, అయినా సంతకమంటె నా చెయ్యి ఎన్కకు గుంజింది. "ఊకో సాబ్, మల్ల ఏం మెడకు సుట్టుకుంటదో" అన్న. "పెట్టద్దు, కని అడుగుడు నా పని" అని నవ్వి, గొడుగు చంకల పెట్టుకొని పోయిండు. మలుపు కాడ ఒక్క నిమిషం ఆగిండు, అలవాటుల. మల్ల కనవడలే.

గా పుస్తకంల ఉన్న అడ్రస్‌లన్ని గవే బిడ్డా. ఉరికినోళ్ళయి. ఇండ్లు అమ్మిపోయినోళ్ళయి, కిరాయి ఇండ్లు మారినోళ్ళయి, దుబాయ్ పోయినోళ్ళయి. పిచ్చిపిల్ల అందరికీ పాత ఇండ్లకే కార్డులేసింది. ఆయన బతుకంత ఏ తలుపుల ముంగట పిలిచి ఎన్కకచ్చిండో గవే తలుపులకు ఆయన చావు కార్డు పోయింది. పసుపు గూడ లేదు, ఎవలు తీస్తరు?

గందుకే వంట తగ్గిచ్చుకోమని... ఆగు. గది రాసినవా? కొట్టెయ్యి. పాత ఆలోచననే నోట్లెకచ్చింది, కొట్టెయ్యి చెప్త.

ఇందాక నువ్వు నీళ్ళకు లేశినప్పుడు నేను కోరుట్లకు ఫోన్ చేసిన. ఎత్తంగనే "అక్కా, నీ మొగని పేరు మీద పాతింటికి కాయితమచ్చింది" అన్న. "మల్లనా!" అని గామె ఒర్రింది. "కట్టినం గదక్కా అంత!" అన్నది. కాదే, గిట్ల, అమీన్ సాబు పోయిండని చెప్పిన. మొగడు ఫోన్ గుంజుకున్నడు. "వదినా, గాయన కోరుట్ల కోర్టుల గూడ చేసిండు, నాకు ఎరుకున్నోళ్ళే పది పదిహేను మంది ఉంటరు గాయన గొడుగు చూసి గోడ దుంకినోళ్ళు. అందరం ఒకరింట్ల ఒకరం దాగినోళ్ళమే. నేను చెప్త, ఎందుకు రారో చూస్త" అన్నడు. చాచా కొడుకుకు చెప్పిన, చాచాను ఆటోల తెస్తనన్నడు. "ఈసారి గవాహీ సంతకం నేను అడగకముందుకే పెడ్త" అన్నడట చాచా. కిరాయామె గూడ అస్తనన్నది, జాకెటుకు పోయి సంతకం పెట్టినోళ్ళల్ల వాళ్ళమ్మ ఉన్నదట.

గందుకే రాయి. 'బిడ్డా, వంట తగ్గియ్యకు. ఇంకింత ఎసరు పెట్టు. మేం పాత అడ్రస్‌లల్ల లేం గని, ఉన్నం. అస్తం.' రాసినవా? కింద రాయి, 'మీ కాయితం ముట్టింది.' గంతే. దాని కింద జాగ ఇడువు, ఇంత జాగ. సంతకం నేనే పెడ్త.

ఏందే కోడలా? ... ఆ, విన్న, అన్నం సల్లారుతుందని ఊరంత విన్నది. అస్తున్న! జర ఆగు, ఒక్క సంతకం... నువ్వు పెన్ను ఇటియ్యి బిడ్డా, నా అద్దాలేవి, ఇగో దొరికినయి, పెన్ను ఎక్కడ పెట్టాలెనో చూపియ్యి, ఇక్కడ్నేనా, గీ గీత మీద, నా చేతికి పొద్దుగాల పప్పుల ఏసిన పసుపు ఇంక పోలే, కాయితానికి గిట్ల అంటింది, ఉండనియ్యి.